రోల్లో మిగిలిన ఆఖరి ఫొటో

కెమెరాలో రోల్ వేసి ఫొటోలు తీసిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఒక రోల్‌కి 36 ఫొటోలు. పాప పుట్టినరోజుకో, తిరుపతి ప్రయాణానికో, పెదనాన్నగారి షష్టిపూర్తికో 33 అయిపోయేవి. మిగిలిన మూడింటినీ ఏం చేయాలి? రోల్ పూర్తికాకుండా స్టూడియోకి ఇచ్చేస్తే డబ్బులు దండగ. ఇవ్వకపోతే పుట్టినరోజు ఫొటోలు వచ్చే పండక్కి గానీ చూడలేరు. అప్పుడు గుర్తొచ్చేది గుమ్మం ముందు కాళ్లు బారజాపి పడుకున్న కుక్క. ‘దాన్ని తీసెయ్యరా, రోల్ అయిపోతుంది’ అనేవారు ఇంటిపెద్ద. పేరు పెట్టి పిలిస్తే అది ఒక చెవి పైకెత్తి చూసేది. క్లిక్!

డబ్బులు దండగ కాకూడదని తీసిన ఆ ఫొటో దగ్గరే పాతికేళ్ల తర్వాత అందరి చెయ్యీ ఆగుతుంది. షష్టిపూర్తి ఫొటోలు గబగబా తిప్పేస్తారు. కొండమీద గుండ్లతో వరసగా నిలబడ్డ ఫొటో చూసి ఓసారి నవ్వుకుంటారు. ఆ తర్వాతి పేజీలో... ‘అరె, ఇది మన జిమ్మీ కదూ!’ అంతే, ఆల్బమ్ ఇక ముందుకు కదలదు. దాన్ని ఎవరు తెచ్చారు, పుస్తకాల సంచిలో దాచి తెచ్చినందుకు ఎవరికి ఎన్ని దెబ్బలు పడ్డాయి, అది కొరికింది నాన్నగారి ఎడమ చెప్పా కుడి చెప్పా... కాఫీలు చల్లారిపోతాయి. చెప్పు సంగతి మాత్రం తేలదు.

మూలన పడ్డ ముక్కు

పెంపుడు జంతువుల ఫొటోలు రెండు రకాలు. వాటికోసమని తీసినవి ఒకటి. వేరేవాళ్లను తీస్తుంటే మధ్యలోకి వచ్చి పడినవి రెండోది. మొదటి రకం అందంగా ఉంటాయి. మెడలో కొత్త బెల్టు, వెనక పూలకుండీ, నాలుక బయటపెట్టి నవ్వుతున్నట్టుండే మొహం. ఫ్రేము కట్టించడానికి అవే పనికొస్తాయి. కానీ అది పోయిన ఏడాదికో రెండేళ్లకో, ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరో ఒకరు బీరువా తెరిచి వెతుక్కునేది మాత్రం రెండో రకాన్నే.

కేకు కోస్తున్న పిల్లాడి మోచేతి కిందనుంచి తొంగిచూస్తున్న ముక్కు. పెళ్లికూతుర్ని చేసిన రోజు పీట పక్కన ఓ తోక, తోక మాత్రమే. పాత పెట్టె టీవీ మీద వెచ్చగా ముడుచుకుని కూర్చున్న పిల్లి. వార్తలు చదివే ఆవిడ నుదుటి మీదికి దాని కాలు వేలాడుతుంటుంది. అమ్మమ్మ అప్పడాలు ఆరబెడుతుంటే, పక్కనే మంచం నీడలో పడుకుని కాకుల్ని కాపలా కాస్తున్నట్టు నటిస్తున్న కుక్క. వీటిని ఎవరూ ఫొటోలుగా లెక్కపెట్టలేదు. నెగెటివ్ చూసి ‘ఇది బాలేదు, కడగొద్దు’ అని స్టూడియో అతను తీసి పక్కన పెట్టినవీ వీటిలో ఉంటాయి.

అయినా వాటికి అంత విలువ ఎందుకంటే, ఆ జీవి ఆ ఇంట్లో ఎలా బతికిందో వాటిలోనే ఉంది. ఎక్కడ పడుకునేది, ఎవరి కాళ్ల దగ్గర చేరేది, ఏ కిటికీ దాని సొంతం... పూలకుండీ ముందు కూర్చోబెట్టి తీసిన ఫొటోలో ఇవేవీ కనిపించవు. ఇంకో సంగతి. దాని చుట్టూ ఉన్న ఇల్లు కూడా ఇప్పుడు లేదు. పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది. అప్పడాల అమ్మమ్మ లేదు. ఆ మంచం ఎవరికో ఇచ్చేశారు. ఇన్ని పోయినవాటిని ఒకచోట చూపించేది, ఎవరూ కావాలని తీయని ఆ ఒక్క ఫొటో.

అన్నట్టు, పాత ఆల్బముల్లో కుక్కలన్నిటికీ కళ్లు పచ్చగా దెయ్యంలా మెరుస్తుంటాయి. పిల్లలు చూసి భయపడతారు. కుక్కలకూ పిల్లులకూ కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. చీకట్లో దొరికిన కాస్త వెలుగునూ అది తిప్పి పంపుతుంది. ఫ్లాష్ పడగానే ఆ పొర మెరుస్తుంది. ఆ పొర లేని మనుషులకు కళ్లు ఎర్రగా వస్తాయి. అందులో దెయ్యం ఏమీ లేదు.

ఎల్కేజీ నుంచి ఇంటర్ దాకా

కుక్క ఆయుష్షు సాధారణంగా పది నుంచి పదమూడేళ్లు. పిల్లి మరో రెండు మూడేళ్లు ఎక్కువ బతకొచ్చు. అంటే బడికి వెళ్లనని ఏడ్చే వయసులో పిల్లాడికి తోడుగా వచ్చిన కుక్కపిల్ల, వాడు ఇంటర్ హాస్టల్‌కో ఇంజినీరింగ్‌కో వెళ్లేనాటికి ముసలిదైపోతుంది. వాడు లేనప్పుడే పోతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పరీక్షలు పాడవుతాయని పదిరోజులు చెప్పరు. పండక్కి ఇంటికొచ్చి, గేటు తీయగానే ఎవరూ మీదికి దూకకపోతే అప్పుడు అర్థమవుతుంది. వాడి బాల్యంలో సగానికి అది సాక్షి. వాడికి తెలియని చాలా విషయాలు దానికి తెలుసు. ఏ రోజు మార్కుల కాగితం ఎక్కడ దాచాడో కూడా.

మనిషి పోతే చేయాల్సినవి చాలా ఉంటాయి. ఊరంతా వస్తుంది. పదకొండో రోజు, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం. ఆ పనుల్లో పడి ఏడుపు కొంత తగ్గుతుంది, ఆ పనులున్నది అందుకే కాబోలు. కుక్క పోతే ఒక్క పూటతో సరి. పెరట్లోనో ఊరిబయటో గొయ్యి తీసి పూడ్చి, స్నానం చేసి, మర్నాడు ఆఫీసుకు వెళ్లాలి. సెలవు చీటీలో కారణం ఏమని రాస్తారు? పక్కింటివారు ఓదార్పుగా అనే మాట కూడా దాదాపు ఒకటే... ‘పోనీలెండి, ఇంకోటి తెచ్చుకోండి.’ మేనత్త పోతే ఇంకో మేనత్తను తెచ్చుకోమని ఎవరూ అనరు కదా!

నలుగురి ముందు ఏడవడానికి వీల్లేని ఇలాంటి దుఃఖం గురించి అమెరికాలో కెనెత్ డోకా అనే ఆచార్యుడు 1980లలోనే రాశారు. సమాజం గుర్తించని దుఃఖం తేలిగ్గా తీరదనీ, లోపలే ఉండిపోతుందనీ ఆయన చెప్పిందాని సారాంశం. పెంపుడు జంతువును పోగొట్టుకున్నవాళ్ల బాధను ఆయన ఆ కోవలోకే చేర్చారు. ఆ బాధకు తద్దినం లేదు, పరామర్శ లేదు. మిగిలింది ఫొటో ఒక్కటే. ఎవరైనా ఇంటికొచ్చి గోడవైపు చూసి ‘మీదేనా? పేరేంటి?’ అని అడిగితే చాలు. అయిదు నిమిషాలు దాని గురించి మాట్లాడొచ్చు. పరామర్శ అంటే అదే మరి.

గోడమీద ఎక్కడ?

ఇక్కడే కొన్ని ఇళ్లలో పెద్ద గొడవ. ఫొటో పెద్దది చేయించి తెస్తాడు కొడుకు. తాతగారి ఫొటో పక్కన మేకు ఖాళీగా ఉంటుంది. ‘అక్కడ ఎలా పెడతావురా? పెద్దాయనా కుక్కా ఒకటేనా?’ అంటుంది నాయనమ్మ. ‘తాతయ్యకు అదంటే ప్రాణం కదా, ఆయన చేత్తోనే పెరుగన్నం తినేది’ అంటాడు వాడు. నాయనమ్మకు ఆ మాటా నిజమే అనిపిస్తుంది. కానీ దండ సంగతేంటి? దండ వేస్తే తాతయ్యతో సమానం చేసినట్టు. వేయకపోతే బతికున్నట్టు. చివరికి హాల్లో కాకుండా భోజనాల గదిలో, దండ లేకుండా, ఫ్రిజ్ పైన గోడకు తగిలించడానికి రాజీ కుదురుతుంది. బతికున్నప్పుడు అది ఎక్కువసేపు కాచుకు కూర్చున్న చోటు కూడా అదే!

నాయనమ్మ అభ్యంతరాన్ని ఛాదస్తమని కొట్టిపారేయనక్కర్లేదు. పెద్దల ఫొటోలకు ఓ వరస, ఓ మర్యాద ఉన్నాయి. ఆ వరసలో ఎవరు చేరాలో నిర్ణయించే హక్కు ఆవిడకుంది. కానీ మహాప్రస్థానంలో తమ్ముళ్లూ ద్రౌపదీ పడిపోయాక చివరిదాకా వెంట నడిచింది కుక్కే. దాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ఆ కథ పిల్లలకు చెప్పింది కూడా ఆ నాయనమ్మలే.

కుక్క చనిపోయాక దాని రూపాన్ని నిలబెట్టుకోవాలన్న తపన ఎంత దూరం వెళ్లగలదో తెలుసుకోవాలంటే తెలుగువారు ఎక్కడికో పోనక్కర్లేదు. పాత గ్రామఫోను రికార్డు ఒకటి తీసి చూస్తే చాలు. ఘంటసాల పాటలు విన్న ప్రతి ఇంటికీ హెచ్ఎంవీ కుక్క తెలుసు. గొట్టం ముందు తల ఓ పక్కకు వాల్చి కూర్చుని వింటూ ఉంటుంది. దాని పేరు నిప్పర్. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1884లో పుట్టింది. మొదటి యజమాని 1887లో చనిపోతే ఆయన తమ్ముడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ తెచ్చుకుని పెంచారు. 1895లో అది పోయింది. బరాడ్ ఆ బొమ్మ వేసింది 1898లో... అంటే కుక్క పోయిన మూడేళ్లకు! మొదట గీసినప్పుడు దాని ముందున్నది వేరే రకం యంత్రం. 1899లో గ్రామఫోన్ కంపెనీ బొమ్మను కొంటూ, ఆ యంత్రం తీసేసి తమ గ్రామఫోన్ వేయమంది. యంత్రం మారింది. కుక్క మాత్రం అలాగే ఉంది, అలాగే తల వాల్చి. మన దేశంలో ఆ కంపెనీ పేరు కూడా 2000లో సరిగమగా మారిపోయింది. ఇప్పటికీ ఆ తరం వాళ్లు ‘కుక్క బొమ్మ రికార్డు’ అనే అంటారు.

జపాన్‌లోని హచికో కథ సినిమాల పుణ్యమా అని ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. 1925 మే నెలలో యజమాని, టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఉయెనో, పనిలో ఉండగానే కన్నుమూశారు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు అది షిబుయా స్టేషన్ దగ్గర ఆయన కోసం ఎదురుచూసింది. విగ్రహం అందరూ చూసిందే. దానికన్నా మనసును మెలిపెట్టేది ఓ పాత నలుపు తెలుపు ఫొటో. 1935 మార్చి 8న హచికో చనిపోయిన రోజు తీసింది. నేలమీద అది పడుకుని ఉంటుంది. చుట్టూ ఆచార్యుడి ఇల్లాలు, స్టేషన్ ఉద్యోగులు తలలు వంచుకుని ఉంటారు. రైల్వే ఉద్యోగులు ఒక కుక్క కోసం తలలు వంచడం! 1934లో పెట్టిన మొదటి విగ్రహాన్ని యుద్ధకాలంలో లోహం కోసం కరిగించేశారు. 1948లో మళ్లీ కొత్తది పెట్టారు. ఫొటో మాత్రం అప్పటిదే, అలాగే ఉంది.

పల్లెల్లో ఈ మమకారం ఎడ్ల మీద ఎక్కువ. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో బండలాగుడు పోటీలకు వెళ్లిన రైతుల ఇళ్లలో చూడాలి. ముందుగదిలో కప్పుల మధ్య, కొమ్ములకు రంగులు, మెడలో గంటలతో ఎడ్లజత ఫొటో ఉంటుంది. వాటి పక్కన పగ్గం పట్టుకుని నిలబడ్డ యజమాని ఆ ఎద్దుల ముందు పిట్టంత కనిపిస్తాడు. పోటీల సంగతి అటుంచితే, దుక్కి దున్నిన మామూలు ఎడ్లకు కనుమనాడు తీసిన ఫొటోలే దిక్కు. ట్రాక్టరు వచ్చాక వాటిని అమ్మేశారు. చచ్చిపోయినవాటి ఫొటో చూస్తే బాధ. అమ్మేసినవాటి ఫొటో చూస్తే ఆ బాధ వేరు. ఆ ఫొటో ఎవరూ పెద్దది చేయించరు, అలాగని పారేయరు కూడా. పట్టాదారు పాసుపుస్తకం మధ్యలో పెట్టి దాస్తారు.

పాత ఆల్బముల్లో ఇంకోటి కనిపిస్తుంది... పంజరంలో రామచిలక. అప్పట్లో ప్రతి వీధిలో ఒకటుండేది, ‘అమ్మా, ఎవరో వచ్చారు’ అని అరిచేది. ఇప్పుడు పెంచడం కుదరదు. మన అడవి చిలకల్ని పట్టడం, పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మంచి పనే. రామచిలక ఫొటోలో ఉంటేనే అందం, పంజరంలో కాదు.

నీళ్లలో తడిసిన ఇటుక

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. రోజుల తరబడి నీళ్లు తీయలేదు. అక్కడ ఓ ఇంట్లో భార్యాభర్తలు ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం మూటకట్టుకుని మేడమీదికి ఎక్కారు. ఆల్బమ్ బీరువా కింది అరలో ఉండిపోయింది. దిగొచ్చి చూసేసరికి అది బురద ఇటుకలా ఉంది. ‘ప్రాణాలు దక్కాయి, ఫొటోలదేముంది’ అంది ఎదురింటావిడ. నిజమే. కానీ ఆ ఇల్లాలు దాన్ని చెత్తలో పడేయలేకపోయింది. వాళ్ల రాజా పోయి అప్పటికి నాలుగేళ్లు. దాని ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఫోన్లో ఉన్నవి ఫోన్లు మారినప్పుడు పోయాయి.

ఆమె చేసిన పని, తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ, సరైనదే. ఆ ఇటుకను ఎండలో పెట్టలేదు. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఎండితే ఇక విడదీయలేం, రంగు పొర ఊడి పక్కదానికి అతుక్కుపోతుంది. ప్లాస్టిక్ టబ్బులో శుభ్రమైన చల్లటి నీళ్లు పోసి, ఆల్బమ్‌ను అందులో ఉంచి, ఒక్కొక్కటీ నెమ్మదిగా విడదీసింది. బొమ్మ ఉన్నవైపు రుద్దలేదు. పాత చీర పరిచి, నీడలో, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టింది. చాలావరకు రంగులు కలిసిపోయి పోయాయి. పదకొండు దక్కాయి.

బెంగళూరు నుంచి కూతురు ఫోను చేసింది. ఫ్రిజ్ గురించి అడిగింది, మోటారు గురించి అడిగింది. కాసేపాగి, ‘రాజా ఫొటోలు?’ అంది.

‘గృహప్రవేశం ఫొటో ఒకటుందమ్మా. అందులో వెనక కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.’

‘చాలమ్మా. అది పంపు’ అంది కూతురు.

వరదే రానక్కర్లేదు. ఫొటోలు నిదానంగా కూడా పోతాయి. 1990ల్లో అందరూ కొన్న జిగురుపేజీల ఆల్బములు వాటికి పెద్ద శత్రువులు. ఆ జిగురు పసుపుగా మారి ఫొటోను పట్టేసుకుంటుంది. గోళ్లతో పీకితే చిరుగుతుంది. సన్నటి దారం ఫొటో కిందినుంచి రంపంలా లాగితే చాలావరకు వచ్చేస్తుంది. మొండికేస్తే అలాగే వదిలేసి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనుతో పైనుంచి ఫొటో తీసుకోవడం మేలు. అద్దం ఫ్రేముల్లో ఫొటో నేరుగా అద్దాన్ని తాకితే వానాకాలం తేమకు అంటుకుపోతుంది. మధ్యలో అట్ట అంచు ఉండాలి. ఎండ పడే గోడమీద రంగు ఫొటో వెలిసిపోవడం ఖాయం.

ఇక ఫోన్ల కాలం. ఒక్క ఆదివారమే కుక్కపిల్లకు నలభై ఫొటోలు. రోల్ అయిపోతుందన్న బెంగ లేదు. అందుకే ఏదీ గుర్తుండదు! 2017లో గూగుల్ ఫొటోస్ కుక్కల, పిల్లుల మొహాలను కూడా గుర్తుపట్టి ఒకచోట చేర్చడం మొదలుపెట్టింది. అది నిజంగా ఉపకారమే. కానీ ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచిపెట్టే సదుపాయం 2021 జూన్‌తో ఆగిపోయింది. చోటు నిండిపోయిందని కబురు రాగానే చాలామంది ముందుగా తుడిచేసేవి మసకగా వచ్చినవి, సగం మాత్రమే పడినవి. అంటే ఆ మోచేతి కింద ముక్కులు, పీట పక్కన తోకలు. తుడిచే ముందు వాటిని ఓసారి చూడాలి. వాట్సప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిక్కిపోతుంది, గోడకు సరిపడా పెద్దది చేయిస్తే గళ్లుగళ్లుగా వస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అసలుది అసలులాగే వెళ్తుంది. ఒక కాపీ ఫోన్లో, ఒకటి ఇంట్లో వేరే చోట, ఒకటి మరో ఊళ్లో ఉండే మనిషి దగ్గర ఉంటే భయం లేదు. ఏడాదికి ఓ పది కాగితం మీద కడిగిస్తే ఇంకా మంచిది. కాగితానికి పాస్‌వర్డ్ ఉండదు.

అన్నిటికన్నా తేలికైన పని, ఎవరూ చేయనిది, వెనక పేరు రాయడం. పిల్లల పేర్లు రాస్తారు, కుక్క పేరు రాయరు. ముప్ఫయ్యేళ్ల తర్వాత ఆ ఫొటో చూసినవారికి అది ఉత్త కుక్క. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్ చాలు. నున్నటి కాగితం మీద పెన్సిల్ పడకపోతే చీటీ రాసి కవరులో పెట్టొచ్చు. పేరు, ఏడాది, ఏ ఇల్లు, ఇంకో వాక్యం. ‘ఇడ్లీ అంటే ప్రాణం. ఉరుములకు మంచం కిందికి దూరేది.’ అంతే. ఇవన్నీ తెలిసినవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోవాలి. నాయనమ్మకు ఆవుల పేర్లు కూడా గుర్తుంటాయి, వాటి దూడల పేర్లతో సహా.

డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఓ కొడుకు రాజమండ్రిలో ఉన్న తల్లికి ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. ఇంట్లో కుక్కకు ఇప్పుడు పన్నెండేళ్లు. కంట్లో శుక్లం వచ్చింది, ఫోను దగ్గర పెడితే గొంతు విని చెవులు మాత్రం కదుపుతుంది. ఆమె దానికి స్నానం చేయించి, దువ్వి, బొట్టు పెట్టి, మొహం నిండుగా పడేలా ఫొటోలు తీసి పంపుతూ ఉంటుంది. మొన్నోసారి వాడు మొహమాటపడుతూ అడిగాడు.

‘అమ్మా, మొహం వద్దు. సాయంత్రం గేటు దగ్గర పడుకుంటుంది చూడు, అలా తియ్యి. దూరంగా నిలబడి. గేటు కూడా పడాలి.’

‘గేటుకు రంగు పోయిందిరా, బాగోదు.’

‘పర్లేదమ్మా.’

ఆమె మెట్లు దిగి వెళ్లి తీసింది. తుప్పుపట్టిన గేటు, నాన్నగారి చెప్పులు, పాల సంచి, ఓ పక్కగా నిద్రపోతున్న కుక్క. ఫొటోలో ఆమె నీడ కూడా కొంచెం పడింది.